తొమ్మిది పూసల దండ గుచ్చినాయన

నలుగురు ఆడవాళ్లు చేరి పురుళ్ల ముచ్చట్లు మొదలుపెడితే ఒక మాట తప్పకుండా వస్తుంది. నెలలు నిండినా నొప్పులు రాలేదనీ, సెలైన్ సీసాలో మందు కలిపి ఎక్కించారనీ, ఆ తర్వాతే కాన్పయిందనీ ఎవరో ఒకరు చెబుతారు. కొందరు దాన్ని నొప్పుల సూది అంటారు. కాస్త వివరం తెలిసినవాళ్లు పిటోసిన్ అని పేరు పెట్టి చెబుతారు. ఆ నొప్పులు ఎంత గట్టిగా వచ్చాయో, ఎన్ని గంటలు పడ్డారో పూసగుచ్చినట్టు చెప్పే మనం, ఆ సీసాలో పడ్డ మందు ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం ఎప్పుడూ అడగం. అడగాలని మనకు తోచదు కూడా!

దాని అసలు పేరు ఆక్సిటోసిన్. త్వరగా పురుడు వచ్చేలా చేసేది అని అర్థమిచ్చే గ్రీకు మాటల్లోంచి పుట్టిన పేరు. ఇది బయటినుంచి తెచ్చిన విషమేమీ కాదు. ప్రతి ఆడదాని మెదడు కిందా ఊరే రసమే. దాన్ని విడదీసి, అందులో ఏముందో కనిపెట్టి, ప్రయోగశాలలో మొట్టమొదట తయారుచేసిన మనిషి పేరు విన్సెంట్ డు విన్యో. 1955లో నోబెల్ బహుమతి అందుకున్న అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. మేరీ క్యూరీ గురించి మన పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. ఈయన గురించి ఎవరూ చెప్పరు. కానీ ఆయన చేసిన పని మాత్రం ప్రతి పురిటిగదిలోనూ, ఫ్రిజ్‌లో పెట్టిన చిన్న గాజు ఆంప్యూల్‌లో ఉంటుంది. అందుకే ఈ వారం ఆయన కథ చెప్పాలనిపించింది.

పాలు పితికిన కుర్రాడు

1901 మే 18న షికాగో నగరంలో పుట్టాడు విన్సెంట్. తండ్రి యంత్రాలు రూపొందించేవాడు. కొత్తవేవో కనిపెడుతూ ఉండేవాడు. ఇంట్లో డబ్బుకి కటకటే. హైస్కూల్లో చేరాక ఇద్దరు స్నేహితులు తమ ఇంట్లో పెట్టుకున్న చిన్న ప్రయోగశాలలోకి ఇతన్ని చేర్చుకున్నారు. వీధి చివరి మందుల షాపాయన దగ్గర రసాయనాలు సంపాదించి, గంధకం కలిపి టపాకాయల్లాంటివి పేల్చడం వాళ్ల సరదా. ఇలాంటి సరదాలకు మన ఇళ్లల్లో అయితే వీపు విమానం మోత మోగేది!

అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. మగవాళ్లంతా సైన్యంలోకి వెళ్లిపోతే పొలాల్లో పనిచేసేవాళ్లు కరువయ్యారు. హైస్కూలు చివరి తరగతి పిల్లల్ని పొలం పనులకు పంపారు. అలా విన్సెంట్ ఇల్లినాయ్ రాష్ట్రంలో కాలెడోనియా అనే ఊరి దగ్గర ఒక రైతు ఇంట చేరాడు. అక్కడ ఆవుల పాలు పితకడంలో ఆరితేరాడు. ఆ పని ఎంత నచ్చిందంటే, చదువూ గిదువూ మానేసి రైతుగానే స్థిరపడిపోదామనుకున్నాడు.

పాడి ఉన్న ఇంట పుట్టినవాళ్లకి తెలుసు. దూడ వచ్చి పొదుగు కుడితే గానీ ఆవు చేపదు. చేపితే గానీ పాలు దిగవు. ఆ చేపు ఎందుకొస్తుంది? దూడ నోరు తగలగానే ఆవు మెదడు కింద నుంచి ఒక రసం రక్తంలో కలుస్తుంది. పొదుగులో పాలున్న గూళ్లని అది నొక్కుతుంది. ఆ రసమే ఆక్సిటోసిన్. పదిహేడేళ్ల వయసులో తన అరచేతుల కింద పనిచేస్తున్నది అదేనని ఆ కుర్రాడికి అప్పుడు తెలీదు. తెలుసుకోడానికి ఇంకో ముప్ఫై అయిదేళ్లు పట్టింది.

రైతవుతానన్న తమ్ముణ్ణి దారి మళ్లించింది అక్క బియాట్రిస్. కెమిస్ట్రీ చదవమని నచ్చజెప్పి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి పంపింది. ఒక ఆడపిల్ల మాట పట్టుదలగా పనిచెయ్యకపోతే ఈ కథే లేదు. ఆ అక్క గురించి పుస్తకాల్లో ఒక్క వాక్యానికి మించి ఉండదు, అది వేరే సంగతి.

గంధకం మీద మోజు

ఇంటినుంచి వచ్చే సాయం అంతంతమాత్రం. దొరికిన చిన్నచిన్న పనులు చేస్తూ, హోటల్ సర్వర్‌గా బల్లల దగ్గర వడ్డిస్తూ చదువుకున్నాడు. అలా వడ్డించే రోజుల్లోనే జెల్లా ఫోర్డ్ అనే అమ్మాయి పరిచయమైంది. 1924 జూన్‌లో, ఎమ్మెస్సీకి సమానమైన డిగ్రీ చేతికొచ్చిన ఏడాదే, ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా కలిసి బతికారు.

చదువుకునే రోజుల్లో ఒక ఉపన్యాసం అతన్ని పట్టేసింది. మధుమేహానికి మందుగా ఇన్సులిన్ అప్పుడప్పుడే బయటపడింది. చావు అంచున ఉన్న పిల్లలు ఆ ఇంజెక్షన్‌తో లేచి కూర్చుంటున్నారని లోకమంతా చెప్పుకుంటోంది. ఆ సంగతులు వివరించిన ప్రొఫెసర్ మాటలు విని, ఇంత మహిమ ఉన్న పదార్థంలో అసలేముంది అన్న ప్రశ్న విన్సెంట్‌ని వదల్లేదు. ఇన్సులిన్‌లో గంధకం ఉంది. చిన్నప్పుడు టపాకాయల్లో పేల్చిన ఆ గంధకమే! దాని వెంట పడి 1927లో రాచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు.

తర్వాత బాల్టిమోర్, జర్మనీలో డ్రెస్డెన్, స్కాట్లాండులో ఎడింబరో తిరిగి పెద్దల దగ్గర పని నేర్చుకున్నాడు. వీటిలో డ్రెస్డెన్ మాత్రం ముఖ్యం. అక్కడ బెర్గ్‌మన్, జెర్వాస్ అనే ఇద్దరు మాంసకృత్తుల్లోని చిన్న ముక్కల్ని, అంటే ఎమినో ఆమ్లాల్ని, ఒకదానికొకటి వరసగా తగిలించే పనిలో ఉన్నారు. 1932లో వాళ్లు ప్రకటించిన పద్ధతే తర్వాత ఈయన చేతిలో పనిముట్టయింది. అదే ఏడాది వాషింగ్టన్‌లో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వైద్యకళాశాలలో బయోకెమిస్ట్రీ శాఖకి పెద్దగా వెళ్లారు. అక్కడే ఆయన చూపు పీయూష గ్రంథి మీద పడింది.

గ్రంథిలోంచి తీసిన మందు

ఈ గ్రంథి సంగతి కాస్త వెనక్కి వెళ్లి చెప్పుకోవాలి. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉంటుంది పీయూష గ్రంథి. పిట్యూటరీ అంటారే, అదే. 1906లో హెన్రీ డేల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఎద్దుల పీయూష గ్రంథి వెనక భాగం నుంచి తీసిన రసాన్ని చూడితో ఉన్న పిల్లికి ఎక్కించి చూస్తే, దాని గర్భసంచి గట్టిగా ముడుచుకుంది. మూడేళ్లు తిరిగేసరికల్లా, 1909లో, లివర్‌పూల్‌లో బ్లెయిర్ బెల్ అనే డాక్టరు దీన్ని పురుళ్లలో వాడొచ్చని చెప్పారు. ఇక చూస్కోండి, డాక్టర్ల చేతికి ఒక కొత్త ఆయుధం దొరికినట్టయింది. పురుడు ఆలస్యమవుతోందా? ఇచ్చెయ్ సూది!

కానీ ఆ సూది ఎంత మేలు చేసిందో అంత కీడూ చేసింది. ఒకేసారి కండలోకి ఎక్కించేశాక దాన్ని వెనక్కి తీసే దారి లేదు. మోతాదు ఎక్కువైతే గర్భసంచి ముడుచుకుని ఇక వదలదు. బిడ్డకి ప్రాణవాయువు అందదు. కొందరికి గర్భసంచే చిరిగిపోయేది. పైగా కబేళాల నుంచి వచ్చిన గ్రంథుల్ని నూరి తీసిన రసం కదా, ఒక సీసాలో ఉన్న బలం ఇంకో సీసాలో ఉండేది కాదు. ఆ రసంలో ఒక మందు కాదు, రెండున్నాయని కూడా మొదట్లో ఎవరికీ తెలీదు. ఒకటి గర్భసంచిని ముడిచేది. రెండోది రక్తపోటు పెంచేది, ఒంట్లో నీటిని పట్టి ఉంచేది. పురిటి మంచం మీదున్న మనిషికి రక్తపోటు పెంచే మందు ఎక్కితే ఏమవుతుందో వేరే చెప్పాలా!

1928లో అమెరికాలో పార్క్ డేవిస్ మందుల కంపెనీలో ఆలివర్ కామ్ బృందం ఈ రెండింటినీ చాలావరకు విడదీసింది. మొదటిదానికి ఆక్సిటోసిన్, రెండోదానికి వేసోప్రెసిన్ అన్న పేర్లు స్థిరపడ్డాయి. 1948లో ఇంగ్లండ్‌లో జాఫ్రీ థియోబాల్డ్ అనే డాక్టరు ఇంకో మంచి పని చేశారు. మందుని బాగా పలచన చేసి, సీసాలోంచి చుక్కలు చుక్కలుగా నరంలోకి ఎక్కించే పద్ధతిని పురుళ్లలోకి తెచ్చారు. ఇవాళ మనకు తెలిసిన నొప్పుల సెలైన్‌కి మూలం అదే. అయినా ఆ సీసాలో పడేది ఇంకా పశువుల గ్రంథి రసమే. అందులో అచ్చంగా ఏముందో ఎవరూ చెప్పలేని పరిస్థితి.

యుద్ధం అడ్డుపడ్డా

డు విన్యో 1930ల్లోనే ఈ రసం మీద పని మొదలుపెట్టారు. అందులోనూ గంధకం ఉందని తేలడమే ఆయన్ని లాగిన కారణం. పార్క్ డేవిస్ కంపెనీ వాళ్లు గ్రంథి సారాన్ని పంపిస్తే, దాన్ని వడబోసి, విడదీసి, మళ్లీ వడబోసి... ఏళ్లు గడిచాయి. 1938లో న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్యకళాశాలకి మారారు. సామానుతో పాటు మనుషుల్ని కూడా వెంట తీసుకెళ్లారు. వాళ్లలో మిల్‌డ్రెడ్ కాన్ అనే యువతి ఒకరు. చదువుకున్న ఆడపిల్లలకి విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగం దొరకడమే గగనమైన రోజులవి. ఆమె ఎనిమిదేళ్ల పాటు ఈ ప్రయోగశాలలో పనిచేసి, తర్వాత సొంతంగా గొప్ప పేరు తెచ్చుకుంది. 1982లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం అందుకుంది.

ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఆక్సిటోసిన్ పని మూలన పడింది. దేశమంతా పెన్సిలిన్ కోసం పరుగులు పెడుతోంది. డు విన్యో కూడా అందులో చేరారు. కొద్దిపాటి పెన్సిలిన్‌ని ప్రయోగశాలలో తయారుచేసి 1946లో నిరూపించారు. అంతకుముందు, 1942లో, బయోటిన్ అనే విటమిన్ రూపం ఏమిటో తేల్చారు. జుట్టు రాలుతోందంటే ఇవాళ మందుల షాపుల్లో బయోటిన్ మాత్రలు చేతిలో పెడుతున్నారు చూడండి, ఆ బయోటినే!

ఇక్కడ మనవాడొకాయన గుర్తొస్తారు. అదే కాలంలో, న్యూయార్క్ నగరానికి దగ్గర్లోనే, పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ కంపెనీ పరిశోధనలకి పెద్దగా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ని తయారుచేసింది. నెల తప్పిందని తెలియగానే డాక్టరమ్మ రాసే మొదటి మాత్ర అది. పురిటి మంచం మీద ఎక్కే చివరి మందు ఆక్సిటోసిన్. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఉన్న తొమ్మిది నెలల దూరం, ఆ ఇద్దరి ప్రయోగశాలల మధ్య కొద్ది మైళ్లే. ఆశ్చర్యంగా లేదూ!

పూసలు విప్పి, మళ్లీ గుచ్చి

యుద్ధం ముగిశాక డు విన్యో మళ్లీ పాత పని ముందేసుకున్నారు. ఈసారి పరికరాలు మెరుగయ్యాయి. పక్కనే ఉన్న రాక్‌ఫెల్లర్ సంస్థలో లైమన్ క్రెయిగ్ కనిపెట్టిన కొత్త పద్ధతితో గ్రంథి సారాన్ని ఇదివరకెన్నడూ లేనంత శుభ్రం చెయ్యగలిగారు. అలా శుభ్రమైన ఆక్సిటోసిన్‌ని విరగ్గొట్టి చూస్తే ఎనిమిది రకాల ఎమినో ఆమ్లాలు బయటపడ్డాయి. అందులో గంధకం ఉన్న సిస్టీన్ మాత్రం రెండుంది. మొత్తం తొమ్మిది.

దీన్ని మన భాషలో చెప్పుకుందాం. తొమ్మిది పూసల దండ ఒకటి మీ చేతికిచ్చి, దారం కనిపించకుండా, ఏ పూస తర్వాత ఏ పూస ఉందో చెప్పమన్నారనుకోండి. దండని అక్కడక్కడా తెంపాలి. రెండు పూసల ముక్క దొరుకుతుంది, మూడు పూసల ముక్క దొరుకుతుంది. ఈ ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి మొత్తం వరస ఊహించాలి. పైగా ఇది మామూలు దండ కాదు. మొదటి పూస, ఆరో పూస రెండూ సిస్టీన్‌లే. వాటిలో ఉన్న గంధకాలు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అంటే ఆరు పూసలు గుండ్రంగా ఉంగరంలా, మిగిలిన మూడు దానికి తోకలా అన్నమాట.

ఈ వరసని 1953లో తేల్చినప్పుడు ఆయన పక్కనున్న వాళ్లలో షార్లట్ రెస్లర్ అనే మహిళా శాస్త్రవేత్త ఒకరు. పరిశోధన పత్రం మీద డు విన్యో పేరు పక్కనే ఆమె పేరు ఉంటుంది. అదే ఏడాది వియన్నాలో హాన్స్ టప్పీ అనే ఆయన విడిగా పనిచేసి ఇదే వరసకి వచ్చారు. ఇద్దరి లెక్కా ఒకటే అయింది కాబట్టి అనుమానం పోయింది.

పోయిందా? పూర్తిగా పోలేదు. విప్పిన దండ నిజంగా అదేనా అని తేలాలంటే ఒకటే దారి. వేరే పూసలు తెచ్చి మొదట్నించీ గుచ్చాలి. గుచ్చిన దండ కూడా గర్భసంచిని ముడవాలి. ఇదీ అసలు పరీక్ష. మాంసకృత్తుల జాతి హార్మోను దేన్నీ అప్పటికి లోకంలో ఎవరూ అలా తయారుచెయ్యలేదు.

గంధకం ఉన్న పూసలు ఊరుకునే రకం కావు. దండ గుచ్చుతుండగానే దేన్ని పడితే దాన్ని పట్టుకుంటాయి. అందుకని ముందుగా వాటికి ఒక తొడుగు తొడిగారు. దండ పూర్తయ్యాక ఆ తొడుగు తియ్యాలి. సున్నాకంటే ముప్ఫైమూడు డిగ్రీలు తక్కువ చలిలో ద్రవంగా ఉండే అమోనియాలో సోడియం ముక్కలు వేస్తే చిక్కటి నీలిరంగు వస్తుంది. ఆ నీలి ద్రవంలో తొడుగులు ఊడిపోతాయి. ఈ ఉపాయం డు విన్యో ప్రయోగశాలలో 1930ల్లోనే తయారై ఉంది. ఆ తర్వాత పలచటి నీళ్లలో కలిపి గాలి బుడగలు పంపిస్తే, రెండు గంధకాలూ ఒకదాన్నొకటి వెతుక్కుని పట్టుకున్నాయి. ఉంగరం పడింది.

ఎలుక గర్భసంచి మీద పరీక్షించారు, కోడి రక్తపోటు మీద పరీక్షించారు. గ్రంథిలోంచి తీసినదానికీ, చేత్తో చేసినదానికీ తేడా కనిపించలేదు. చివరికి న్యూయార్క్ లైయింగ్ ఇన్ ప్రసూతి ఆసుపత్రిలో పురిటి స్త్రీల దగ్గరికి వచ్చింది. నొప్పులు తెప్పించడంలోనూ రెండూ ఒకటే. బాలింతలకు నరంలోకి ఇస్తే ఇరవై నుంచి ముప్ఫై సెకన్లలో పాలు చేపుకొచ్చాయి. ఎంత మోతాదుకో తెలుసా? సుమారు ఒక మైక్రోగ్రాము. అంటే గ్రాములో పది లక్షో వంతు! పదిహేడేళ్ల వయసులో ఆవు పొదుగు దగ్గర కూర్చుని చూసిన చేపు, యాభై దాటాక తాను గుచ్చిన దండతో తల్లి రొమ్ములో చూశారాయన.

1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయన ఒక్కరికే ఇచ్చారు. గంధకం ఉన్న జీవపదార్థాల మీద చేసిన కృషికి, ముఖ్యంగా ఈ హార్మోనుని మొట్టమొదట తయారుచేసినందుకు. ఆ తర్వాత మందుల కంపెనీలు దీన్ని పెద్ద ఎత్తున తయారుచెయ్యడం మొదలుపెట్టాయి. పురుళ్లకి కబేళా గ్రంథుల మీద ఆధారపడే అవసరం పోయింది. రక్తపోటు పెంచే రెండో మందు కలిసిందేమోనన్న భయం పోయింది. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి సీసాలోనూ బలం ఒకటే అయింది. బలం తెలిస్తేనే కదా చుక్కలు లెక్కపెట్టగలం!

చుక్కల లెక్క

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో నాకు మా రెండోవాడి కాన్పులో తెలిసొచ్చింది. రోజులు దాటిపోయాయని చిన్న ఊళ్లో ఒక నర్సింగ్ హోములో చేర్చుకుని నాకూ డ్రిప్పు పెట్టారు. రాత్రి డ్యూటీ నర్సు సీసా తగిలించి పక్కగదికి వెళ్లిపోయింది. అందులో ఏం కలిపారని మా అమ్మ అడిగితే, మీకెందుకండీ అవన్నీ అని విసుక్కుంది. కాసేపటికి నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి పీల్చుకునే సందు లేకుండా పోయింది. మా అమ్మ పదో తరగతి కూడా చదవలేదు. కానీ ఆగకుండా వచ్చే నొప్పి మంచిది కాదని ఆవిడకి తెలుసు. వెళ్లి నర్సుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చుక్కలు తగ్గించేదాకా ఊరుకోలేదు. తగ్గించాక కొద్ది నిమిషాల్లోనే మళ్లీ సందు దొరికింది. తెల్లారేసరికి వాడు పుట్టాడు.

మా అమ్మ చేసింది శాస్త్రానికి సరిగ్గా సరిపోయే పని అని తర్వాత చదివాక అర్థమైంది. ఆక్సిటోసిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. కొద్ది నిమిషాల్లోనే సగం కరిగిపోతుంది. అందుకే డ్రిప్పు తగ్గిస్తే లేదా ఆపేస్తే దాని పట్టు త్వరగా సడలుతుంది. నిమిషానికి ఒకటో రెండో మిల్లీ యూనిట్లతో మొదలుపెట్టి, నొప్పులు చూసుకుంటూ, బిడ్డ గుండె చప్పుడు వింటూ మెల్లగా పెంచాలి. పది నిమిషాల్లో అయిదుకి మించి నొప్పులు వస్తుంటే ఎక్కువైనట్టే లెక్క. ఇదంతా నరంలోకి చుక్కలుగా ఇచ్చేటప్పటి మాట. బిడ్డ పుట్టకముందే కండకి సూదిగా పొడిచేస్తే ఈ పట్టు మన చేతిలో ఉండదు. 1910ల్లో జరిగిన అనర్థాలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అందుకే పురుడు కాకముందు ఆ సూది వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు, అది ఆర్ఎంపీ అయినా సరే, ఎంత తెలిసిన చెయ్యయినా సరే.

నెలలు నిండి వారం దాటిపోయినా నొప్పులు రాకపోవడం, రక్తపోటు పెరగడం, ఉమ్మనీరు పోయినా నొప్పులు మొదలవకపోవడం... ఇలాంటప్పుడు ఈ మందు తల్లినీ బిడ్డనీ గట్టెక్కిస్తుంది. గర్భాశయ ముఖద్వారం మెత్తబడకపోతే ముందు దానికి వేరే మందు పెట్టి ఆ తర్వాత దీన్ని మొదలుపెడతారు. మంచి నక్షత్రం ఉందనో, మర్నాడు అమావాస్యనో తొందరపెట్టి వాడే మందు కాదిది. ఇదివరకు ఆపరేషన్ కాన్పు అయినవాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పి తీరాలి. పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదం వాళ్లకి ఎక్కువ.

ఇక బిడ్డ పుట్టిన మరుక్షణం సంగతి పూర్తిగా వేరు. అప్పుడు పది యూనిట్ల సూది వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే రక్తం ఆగదు. పురిట్లో మన అమ్మమ్మల కాలం నుంచీ ఎందర్ని పొట్టన పెట్టుకుందో ఆ రక్తస్రావం! నొప్పులు తెప్పించడం కంటే కూడా, ఆ రక్తాన్ని ఆపడంలోనే ఈ మందు ఎక్కువ ప్రాణాలు నిలబెట్టిందని నాకనిపిస్తుంది. పుట్టగానే బిడ్డని రొమ్ముకి పట్టమనడంలోనూ ఇదే కిటుకు ఉంది. బిడ్డ చీకగానే తల్లి ఒంట్లో సొంత ఆక్సిటోసిన్ ఊరుతుంది. పాలిస్తుంటే పొత్తికడుపు పట్టేసినట్టు నొప్పొస్తుందని బాలింతలు అంటారే, అది గర్భసంచి ముడుచుకుంటున్న నొప్పే.

పశువుల పాకలో

పురిటిగది కోసం తయారైన మందు పశువుల పాకలోకీ చేరింది. దూడ చచ్చిపోయిన గేదెకి సూది వేసి చేపించడం మన ఊళ్లలో కొత్తేం కాదు. ఈ దుర్వినియోగాన్ని ఆపాలని 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారుచెయ్యకుండా నిషేధం పెట్టింది. ఒక్క ప్రభుత్వరంగ సంస్థే తయారుచెయ్యాలంది. గేదెల సంగతి సరే, ఆ ఒక్క సంస్థ దగ్గర్నుంచి మందు సమయానికి అందకపోతే పురిట్లో రక్తం పోతున్న తల్లుల గతేమిటని ప్రశ్నిస్తూ కొందరు కోర్టుకెళ్లారు. ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో ఆ నిషేధాన్ని కొట్టేసింది. పాకలో దొంగచాటు సూదిని ఆపాల్సిందే. కానీ దానికి మూల్యం పురిటి మంచం మీదున్న మనిషి చెల్లించకూడదు కదా!

ఇంకో చిన్న సంగతి. ఈ మందుని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో దాచాలి. వేడికి దాని బలం తగ్గిపోతుంది. కరెంటు పోయిన ఆసుపత్రిలో, ఎండలో నిలబెట్టిన అంబులెన్సులో పడి ఉన్న ఆంప్యూల్ పైకి మామూలుగానే కనిపిస్తుంది, వేళకి మాత్రం పనిచెయ్యదు. ఏళ్ల తరబడి శ్రమపడి సమానం చేసిన బలాన్ని, ఒక పాడైపోయిన ఫ్రిజ్ మళ్లీ ఎక్కువతక్కువలు చేసేస్తుంది.

చివరి రోజులు

నోబెల్ వచ్చాక కూడా డు విన్యో ప్రయోగశాల వదల్లేదు. ఆ తొమ్మిది పూసల్లో ఒకటి తీసి ఇంకొకటి పెడితే ఏమవుతుంది, దండ పొడుగు మారిస్తే ఏమవుతుంది అని చూస్తూనే ఉన్నారు. తోబుట్టువు లాంటి వేసోప్రెసిన్‌ని కూడా తయారుచేశారు. దానికీ ఆక్సిటోసిన్‌కీ రెండంటే రెండు పూసలే తేడా. ఆ రెండు పూసల్తో ఒకటి కాన్పు చేస్తుంది, ఇంకోటి ఒంట్లో నీటిని కాపాడుతుంది. 1967లో న్యూయార్క్‌లో పదవీ విరమణ చేసి, ఇథాకా ఊళ్లో ఉన్న కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడా పని సాగించారు. 1974లో పక్షవాతం వచ్చి పని ఆగింది. 1977లో జెల్లా పోయింది. ఆ మరుసటి ఏడాది, 1978 డిసెంబరు 11న ఆయనా కన్నుమూశారు. వాళ్లకో కొడుకు, ఒక కూతురు. ఇద్దరూ డాక్టర్లే అయ్యారు.

ఆయన జీవితమంతా ఒకటే పట్టు. మందుకి మహిమ ఉందంటే చాలదు, అందులో ఏముందో ఎంతుందో తెలిసి తీరాలి. ఆ పట్టులో నుంచే మనకు లెక్కకి లొంగే మందు దొరికింది. మందు లెక్కకి లొంగుతుంది గానీ, లెక్కపెట్టే మనిషి పక్కన ఉండాలి. మీ ఇంట్లో ఎవరినైనా పురిటికి తీసుకెళ్లినప్పుడు సీసాలో ఏం కలిపారని అడగండి. చుక్కలు ఎవరు చూస్తున్నారని అడగండి. బిడ్డ గుండె చప్పుడు ఎన్నిసార్లు విన్నారని అడగండి. మీకెందుకని ఎవరైనా విసుక్కుంటే మాత్రం, మళ్లీ అడగండి.